బంగారు రంగు జుట్టు నుంచి ముదురు రంగుకు: నడివయసులో మారాలనుకునే వారికి సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో నేను పార్లరు నడపడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. తొలి రోజుల్లో నలభై దాటిన స్త్రీలు దాదాపు అందరూ నలుపు వేయమనే అడిగేవారు. ఆ తరువాత తెల్ల వెంట్రుకలను దాచడానికి నలుపు కంటే బంగారు హైలైట్సే సుఖమని చాలామందికి తెలిసింది, ఎందుకంటే లేత పాయల మధ్య తెలుపు కలిసిపోతుంది, పాపిడిలో గీత కనబడదు. ఇప్పుడు అదే స్త్రీలు, యాభైకి అటూ ఇటూగా ఉన్నవారు, మళ్లీ ముదురు రంగుకు వస్తామని అడుగుతున్నారు. కొందరికి కొసలు పీచులా మారడం కారణమైతే, కొందరికి ఇంట్లో పెళ్లి కారణం; ఇంకొందరు అద్దంలో తమ ముఖం తమకు పాలిపోయినట్టు కనిపిస్తోందని, అంతకు మించి కారణమేమీ లేదని చెబుతారు. ఆ కారణం కూడా చాలినంత గట్టిదేనని నా అభిప్రాయం.

లేత రంగు నుంచి ముదురు రంగుకు రావడం, నలుపు నుంచి బంగారానికి పోవడం కంటే తేలికని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పార్లరు పెట్టిన కొత్తలో మా అక్క బంగారు రంగు జుట్టు మీద నేరుగా నలుపుకు దగ్గరగా ఉండే రంగు వేశాను. తడిగా ఉన్నప్పుడు చక్కగానే కనిపించింది. ఆరిన తరువాత ఎండలోకి వెళ్లి చూస్తే పాచి పట్టినట్టు బూడిద కలిసిన ఆకుపచ్చ ఛాయ వచ్చింది, మూడు తలస్నానాలకే కొసలు వెలిసిపోయి మచ్చలు మచ్చలుగా తేలాయి. ఆ వారంలో జరిగిన బంధువుల గృహప్రవేశానికి ఆమె తలంతా కొంగు కప్పుకొని వెళ్లింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, కానీ ఆ రోజు నుంచి ఏ తలమీదా ఈ పనిని తొందరపడి చేయలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే మిగిలిన పద్ధతంతా దానంతటదే అర్థమవుతుంది. మన నల్లటి వెంట్రుకలో నలుపు ఒక్కటే ఉండదు; దాని అడుగున ఎరుపు, నారింజ, పసుపు ఛాయలు దాగి ఉంటాయి. బ్లీచ్ వేసినప్పుడు జుట్టు ముందు ఎర్రబారి, తరువాత నారింజకు, ఆపైన పసుపుకు, చివరకు అరటితొక్క లోపలివైపు ఉండేంత లేత పసుపుకు వస్తుంది. అంటే బంగారు రంగు జుట్టులో పోయింది నలుపు మాత్రమే కాదు, ఎరుపూ పోయింది. బ్రౌన్ రంగు నిండుగా కనిపించడానికి ఆధారం ఆ ఎరుపే. అది లేని పసుపు మీద నీలి ఛాయ ఉన్న ముదురు రంగు పడితే, పసుపూ నీలమూ కలిసి ఆకుపచ్చ కాక మరేమవుతుంది? కనుక ముందు పోయిన ఎరుపును తిరిగి ఇచ్చి, ఆ తరువాతే ముదురు రంగు వేయాలి.

ఏ రంగు కావాలో తేల్చుకోవడం

రంగు డబ్బాల మీద ఉండే అంకె ముదురుదనాన్ని తెలుపుతుంది. 1 అంటే నలుపు, 3 అంటే ముదురు బ్రౌన్, 4 మధ్యస్థ బ్రౌన్, 5 లేత బ్రౌన్, 6 నుంచి పైకి వెళ్లేకొద్దీ బంగారు ఛాయలు, 10 అన్నిటికంటే లేత. చుక్క తరువాత వచ్చే అంకె ఛాయను సూచిస్తుంది. సాధారణంగా 0 సహజ ఛాయకు, 1 బూడిద ఛాయకు, 3 బంగారు ఛాయకు, 4 రాగి ఛాయకు గుర్తు. కంపెనీని బట్టి ఈ రెండో అంకె కొంత మారవచ్చు కనుక అంకెను నమ్మి ఊరుకోకుండా షేడ్ కార్డు మీదున్న వెంట్రుకల పాయనే చూడాలి.

ఇరవై ఏళ్ల వయసులో మీ జుట్టు ఎంత నల్లగా ఉండేదో అంత నలుపు కావాలని మనసు కోరుతుంది. నా సలహా మాత్రం 4 లేదా 5 దగ్గర ఆగమనే. వయసుతో పాటు చర్మం కొంత కాంతి తగ్గి, కళ్ల కింద నీడలు చేరతాయి. దట్టమైన నలుపు ఆ నీడలను మరింత ఎత్తి చూపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి తెల్ల వెంట్రుకలది. జుట్టు నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. బంగారు పాయల మధ్య ఆ తెలుపు రెండు మూడు నెలలైనా కనబడదు, కానీ నల్లటి తలమీద మూడో వారానికే పాపిడి వెంట, కణతల దగ్గర తెల్లని గీతగా నిలుస్తుంది. ముదురు రంగుకు మారడమంటే నెల నెలా టచప్‌కు, అంటే పెరిగిన కుదుళ్లకు మళ్లీ రంగు వేసుకోవడానికి, ఒప్పుకోవడమని ముందే తెలుసుకోవాలి. తల సగానికి పైగా నెరిసినవారు 5 కంటే ముదురుకు వెళ్లకపోతేనే ఆ శ్రమ భరించగలిగినంతలో ఉంటుంది.

నిర్ణయానికి ఒక సులువైన పరీక్ష ఉంది. సవరాలు అమ్మే దుకాణంలో ముదురు బ్రౌన్ సవరం ఒకటి, నల్లది ఒకటి తీసుకొని, పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర, ముఖానికి ఆనించి చూసుకోండి. ట్యూబులైటు కింద చూసి నిర్ణయించవద్దు. పక్కన ఇంట్లో వాళ్లుంటే వారి మాట కూడా వినండి, కానీ కనుబొమల రంగుకు ఏది దగ్గరగా ఉందో మీరే చూసుకోండి. కనుబొమల కంటే కొద్దిగా లేతగా ఉండే రంగు చాలా ముఖాలకు ఒప్పుతుంది.

జుట్టు చరిత్రను కాగితం మీద రాసుకోవడం

నెలకు 1.25 సెంటీమీటర్ల లెక్కన రెండేళ్లలో పెరిగేది 30 సెంటీమీటర్లు. నడుం వరకు జడ ఉన్నవారి కొసలకు అయిదారేళ్ల వయసు ఉంటుందన్నమాట. ఆ కాలమంతటిలో ఎన్నిసార్లు బ్లీచ్ పడింది, స్ట్రెయిటెనింగ్ జరిగిందా, గోరింటాకు పెట్టారా, పెడితే ఇంట్లో రుబ్బినదా లేక ప్యాకెట్టుదా అనేవన్నీ రాసుకోండి. ప్యాకెట్లలో దొరికే కొన్ని నల్ల హెన్నా పొడులలో లోహ లవణాలు కలుపుతారు. అవి జుట్టులో ఉండగా డెవలపర్, అంటే రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రవం, తగిలితే జుట్టు వేడెక్కి కాలినట్టు దెబ్బతింటుంది. పార్లరుకు వెళ్లినప్పుడు ఈ విషయం దాచకుండా చెప్పడం మీ తలకు మీరు చేసుకునే పెద్ద మేలు.

ఒక తడి వెంట్రుకను రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీసి చూడండి. కొద్దిగా సాగి మళ్లీ యథాస్థితికి వస్తే బలం ఉన్నట్టు. రబ్బరులా సాగి తెగిపోతే ఆ భాగానికి ఏ రంగు వేసినా నిలవదు, కత్తిరించడమే దారి. జుట్టు దువ్వెన నిండా ఊడుతున్నట్టయితే రంగు సంగతి పక్కనపెట్టి ముందు వైద్యుని సలహాతో రక్తంలో ఇనుము నిల్వలు, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ముట్లు ఆగే వయసులో జుట్టు పలచబడటం సాధారణమే అయినా, దాని వెనుక రక్తహీనత ఉంటే రంగు మార్చి లాభం లేదు.

మూడు దారులు

మొదటిది, కొత్త జుట్టును పెరగనిచ్చి పాతదాన్ని క్రమంగా కత్తిరించడం. ఓపిక ఉన్నవారికి ఇదే అన్నిటికంటే ఆరోగ్యకరం. మా ఊరివారికి ఇందులోనే ఇంకొక మార్గం ఉంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించుకునే స్త్రీలు కొందరు, మొక్కు తీరిన తరువాత పెరిగే జుట్టుకు మళ్లీ బంగారు రంగు వేయించుకోకుండా సహజంగానే వదిలేస్తున్నారు. ఆరు నెలలకు ఏడు సెంటీమీటర్లు దాటి, బ్లీచ్ ఎరుగని జుట్టు తలనిండా వస్తుంది. రంగు కోసం మొక్కుకోమని నేను అనను, మొక్కు మొక్కే. అయితే ఎలాగూ మొక్కు ఉన్నవారు ఆ తరువాతి జుట్టును జాగ్రత్తగా కాపాడుకుంటే ఈ వ్యాసంలోని సగం శ్రమ వారికి అక్కరలేదు. మూడు కత్తెరలు మాత్రమే ఇచ్చినవారికి ఇది వర్తించదు.

రెండోది లోలైట్స్. తలంతా ఒకేసారి కాకుండా, బంగారు పాయల మధ్య సన్నని ముదురు పాయలను ఆరు నుంచి ఎనిమిది వారాల ఎడంతో మూడు నాలుగు విడతలుగా చేర్చుకుంటూ పోవడం. ఉద్యోగాలకు వెళ్లేవారు, ఒక్కరోజులో రూపం మారితే పదిమంది అడిగే ప్రశ్నలకు ఇబ్బందిపడేవారు ఈ దారిని ఎక్కువగా ఇష్టపడతారు. తెలుపు కూడా కొంత కలిసిపోతూ ఉంటుంది. నడివయసు వారికి నేను ముందుగా సూచించేది దీన్నే.

మూడోది ఒకేరోజు తలంతా మార్చడం. ముహూర్తం దగ్గర పడినవారికి ఇది తప్పదు. వేడుకకు కనీసం మూడు వారాల ముందు పెట్టుకోండి. రంగు కుదురుకోవడానికీ, ఏదైనా తేడా వస్తే దిద్దుకోవడానికీ ఆ వ్యవధి అవసరం. మిగిలిన భాగం ముఖ్యంగా ఈ దారి గురించే.

పాచ్ టెస్ట్

ముదురు రంగులలో పీపీడీ అనే రసాయనం ఎక్కువగా ఉంటుంది. పదేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా రంగు వేసుకుంటున్నవారికి కూడా ఒకనాడు అకస్మాత్తుగా అది పడకపోవచ్చు. కనుక వేయబోయే రంగునే ప్యాకెట్టుపై చెప్పినట్టు కొద్దిగా తీసుకొని చెవి వెనుకగాని, మోచేతి మడతలోగాని రాసి 48 గంటలు గమనించండి. దురద, ఎరుపు, పొక్కులు వస్తే ఆ రంగు మీది కాదు. రంగు వేసిన తరువాత ముఖం, కనురెప్పలు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తలమీద పుండ్లు, గీతలు ఉన్నప్పుడు రంగు వేయకూడదు.

నీళ్ల సంగతి

దీన్ని చాలామంది పట్టించుకోరు, కానీ మా ప్రాంతంలో రంగు చెడటానికి సగం కారణం ఇదేనని నా అనుభవం. కొళాయి నీరు రోజంతా రాని ఇళ్లలో తలస్నానానికి బోరు నీళ్లే దిక్కు. బకెట్టు అంచున, గీజరు లోపల తెల్లటి ఉప్పు పొర కడుతుంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్నట్టు. బ్లీచ్ పడిన జుట్టు స్పాంజిలాంటిది. ఆ లవణాలను, ఇనుము, రాగి వంటివాటిని లోపలికి పీల్చుకొని నిలుపుకుంటుంది. ఆ పొర మీద వేసిన రంగు ఒకచోట ఎక్కి ఇంకొకచోట ఎక్కదు.

రంగు వేయడానికి రెండు మూడు రోజుల ముందు ఈ లవణాలను విడదీసి తీసేసే ఈడీటీఏ అనే రసాయనం ఉన్న కీలేటింగ్ షాంపూతో తలంటుకోండి. దొరకకపోతే కనీసం పేరుకున్న పొరను లోతుగా కడిగే క్లారిఫయింగ్ షాంపూ వాడండి. రంగు వేసిన రోజు చివరి కడుగుకు రెండు మూడు లీటర్ల క్యాను నీళ్లు పక్కన ఉంచుకోండి. ఆ తరువాత కూడా ప్రతి తలస్నానం చివర ఒక చెంబెడు మంచినీళ్లు పోసుకుంటే రంగు నిలిచే కాలంలో తేడా మీకే తెలుస్తుంది.

స్ట్రాండ్ టెస్ట్

మెడ వెనుక, లోపలివైపు నుంచి పెన్సిలు మందాన ఒక పాయ తీసి, కింద చెప్పిన రెండు దశలనూ దానిమీద చేసి, ఆరబెట్టి, ఎండలో చూడండి. రంగు ఎన్ని నిమిషాలకు ఎక్కిందో రాసుకోండి. ఆ సంఖ్యే మీ తలకు అసలు కొలత, డబ్బా మీద ఉన్నది కాదు.

ఎరుపును తిరిగి ఇవ్వడం

పార్లర్లలో దీన్ని ఫిల్లింగ్ అంటారు. ఉన్న రంగుకూ కావలసిన రంగుకూ మధ్య తేడా రెండు మెట్లకు, అంటే డబ్బా మీది ముదురుదనం అంకెలో రెండుకు, మించి ఉంటే ఇది తప్పనిసరి. జుట్టు 9 దగ్గర ఉండి 5 కావాలనుకుంటే, మధ్యలో 6 లేదా 7 మెట్టు రాగి, బంగారు ఛాయల రంగు వేయాలి. అంటే డబ్బా మీద 7.4, 7.43 వంటి అంకెలు ఉన్నవి. 4 దాకా వెళ్లాలనుకునేవారికి అందులో కొంత ఎరుపు కూడా కలపాలి.

దీనికి చాలాకాలం నిలిచే పర్మనెంట్ రంగు వద్దు, కొన్ని వారాల్లో మెల్లగా వెలిసే డెమీ పర్మనెంట్ రంగు చాలు. డెవలపర్ కూడా బలహీనమైనదే తీసుకోండి. 10 వాల్యూమ్ అంటే 3 శాతం పెరాక్సైడ్, 20 అంటే 6 శాతం, 30 అంటే 9 శాతం. మనం ఇక్కడ జుట్టు రంగును లేత చేయడం లేదు, రంగు నింపుతున్నాం కనుక 10కి మించిన అవసరం లేదు. కలిపే పాళ్లు కంపెనీని బట్టి మారతాయి, డబ్బాలోని కాగితాన్ని చదివి తూచి కలపండి, కంటి అంచనా వద్దు.

కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన నల్ల, తెల్ల జుట్టుకు ఇది తగలనివ్వకుండా, బంగారు రంగు ఉన్న భాగానికి మాత్రమే పట్టించి సుమారు 20 నిమిషాలు ఉంచండి. జుట్టు రాగి చెంబులా మెరుస్తూ కనిపిస్తుంది. చాలామంది ఈ ఘట్టంలో అద్దం చూసి భయపడతారు. భయపడనవసరం లేదు, రావలసింది అదే. షాంపూ పెట్టకుండా నీళ్లతో మాత్రం కడిగి, పాత తువాలుతో అద్ది, కొద్దిగా తడి ఉండగానే తరువాతి దశకు వెళ్లాలి.

ముదురు రంగు వేయడం

ఉదయం పూట మొదలుపెట్టండి. ఇక్కడి ఎండాకాలంలో మధ్యాహ్నం వేళ చెమటతో పాటు రంగు నుదుటి మీదుగా కళ్లలోకి జారుతుంది. నుదుటి అంచున, చెవుల మీద, మెడ మీద వాసెలిన్ రాసుకొని, చేతులకు గ్లోవ్స్ వేసుకోండి. లోహపు గిన్నె, లోహపు దువ్వెన పనికిరావు. ప్లాస్టిక్ గిన్నె, రంగు బ్రష్ ఉండాలి. 60 గ్రాముల ట్యూబు ఒకటి భుజాల వరకు ఉన్న సాధారణ జుట్టుకు సరిపోతుంది. నడుం దాకా ఉంటే మూడు దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే సగంలో రంగు అయిపోతే మిగతా సగం వేరే ఛాయలో వస్తుంది.

ఇక్కడ రెండు గిన్నెలు అవసరం. కుదుళ్ల దగ్గరి తెల్ల వెంట్రుకలు గట్టివి, రంగును తొందరగా తీసుకోవు, వాటికి 5.0 వంటి సహజ ఛాయ పర్మనెంట్ రంగును 20 వాల్యూమ్ డెవలపర్‌తో కలపాలి. బ్లీచ్ పడిన పొడవు భాగానికి దానికంటే ఒక మెట్టు లేతగా, అంటే 6.0 డెమీ రంగును 10 వాల్యూమ్‌తో కలపాలి. బలహీనపడిన జుట్టు రంగును అత్యాశగా లాగేసుకొని అనుకున్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది కనుక, 5 కావాలంటే 6 వేయడమే సరైన లెక్క. బూడిద ఛాయ ఉన్నవాటిని, అంటే చుక్క తరువాత 1 ఉన్నవాటిని, ఈసారికి ముట్టుకోవద్దు. మా అక్క తలమీద నేను వేసింది అలాంటిదే.

జుట్టును నాలుగు భాగాలుగా విడదీసి క్లిప్పులు పెట్టండి. ముందు పాపిడి, కణతలు, చెవుల పక్క, అంటే తెలుపు ఎక్కువున్న చోట మొదటి గిన్నెలోని రంగును సన్నని పాయలుగా తీస్తూ పట్టించండి. 15 నుంచి 20 నిమిషాల తరువాత రెండో గిన్నెతో పొడవు భాగానికి, చిట్టచివర కొసలకు రాయండి. అక్కడి నుంచి ప్రతి అయిదు నిమిషాలకు ఒక పాయను తుడిచి చూస్తూ, స్ట్రాండ్ టెస్ట్‌లో వచ్చిన సమయానికి ఆపండి. తెల్ల కుదుళ్లకు మొత్తం 35 నుంచి 45 నిమిషాలు పట్టవచ్చు. కడిగేటప్పుడు గోరువెచ్చని నీళ్లు వాడి, నీరు తేటపడేదాకా కడిగి, రంగు జుట్టుకు వాడే కండిషనర్ పెట్టి, చివర క్యాను నీళ్లు పోయండి. మాడు మీద గోళ్లతో రుద్దవద్దు.

కనుబొమలకు, కనురెప్పలకు ఈ రంగు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు.

గోరింటాకు, నీలి ఆకు వాడాలనుకునేవారికి

పీపీడీ పడనివారికి ఇది మంచి దారి. నీలి మన సీమకు పాత పంట, కడప వైపు ఇప్పటికీ పండిస్తున్నారు. ఈ పద్ధతిలోనూ సూత్రం అదే, ముందు ఎరుపు, తరువాత నీలం. బంగారు జుట్టు మీద నీలి ఆకు పొడి ఒక్కటే పెడితే నీలమో, ఆకుపచ్చో అయి కూర్చుంటుంది. ఏ కలుపూ లేని గోరింటాకు పొడిని రాత్రంతా నానబెట్టి, మరునాడు రెండు మూడు గంటలు పెట్టుకొని కడిగితే జుట్టు నిప్పు రంగులోకి వస్తుంది. ఆ తరువాత నీలి ఆకు పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి, 15 నిమిషాలు ఆగి, ఆలస్యం చేయకుండా పెట్టుకోవాలి, ఎందుకంటే నానేకొద్దీ దాని శక్తి తగ్గిపోతుంది. గంట లోపు ఉంచితే బ్రౌన్, గంటన్నర దాటితే నలుపు వైపు వెళుతుంది. అసలు రంగు తేలడానికి రెండు రోజులు పడుతుంది, అంతవరకు షాంపూ పెట్టకండి. ఒకసారి ఈ దారిలోకి వచ్చిన తరువాత మళ్లీ బ్లీచ్ చేయించుకోవడం చాలా కష్టం, ఆ నిర్ణయం తీసుకున్నాకే మొదలుపెట్టండి.

తరువాతి రోజులు

మొదటి తలస్నానం మూడు రోజుల తరువాతే. ఆపైన వారానికి రెండుసార్లు, సల్ఫేట్ లేని షాంపూతో. కొబ్బరి నూనె తలస్నానానికి గంట ముందు కొసలకు రాసుకోవడం మంచిది. బ్లీచ్ పడిన జుట్టు నుంచి మొదటిసారి వేసిన రంగు కొంత జారిపోవడం సహజం, మూడు నాలుగు వారాలకు కొసలు రాగి వైపు తేలితే కంగారుపడకుండా పొడవు భాగానికి మాత్రం అదే డెమీ రంగును మరొకసారి వేయండి. రెండో విడతకు అది గట్టిగా కూర్చుంటుంది. కుదుళ్లకు నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి టచప్ చాలు, ప్రతిసారీ పర్మనెంట్ రంగును కొసల దాకా లాగవద్దు, అలా లాగితే కొసలు నల్లబడి కుదుళ్లు వేరుగా కనిపిస్తాయి. కాలినడకన కొండెక్కేవారు, స్కూటీ మీద తిరిగేవారు తలకు చున్నీయో కొంగో కట్టుకోవాలి, ఎండ రంగును వేగంగా వెలిసేలా చేస్తుంది.

అనుకున్నదానికంటే ముదురుగా వస్తే లేత రంగు కొని పైన వేయకండి. రంగు మీద వేసిన రంగు కిందిదాన్ని లేతగా మార్చదు. వెంటనే బ్లీచ్ కూడా వద్దు. మొదటి వారంలో క్లారిఫయింగ్ షాంపూతో రెండు మూడుసార్లు తలంటుకుంటే డెమీ రంగు చాలావరకు ఒక మెట్టు లేతబడుతుంది. ఆకుపచ్చ ఛాయ వస్తే రాగి ఛాయ డెమీ రంగును కొద్ది నిమిషాలు పెట్టించుకుంటే సర్దుకుంటుంది.

వాడిన ట్యూబుల అంకెలు, డెవలపర్ బలం, కలిపిన గ్రాములు, ఉంచిన నిమిషాలు ఒక చీటీ మీద రాసి అద్దం వెనుక అంటించుకోండి. వచ్చే నెల టచప్‌కు ఏ పార్లరుకు వెళ్లినా ముందు ఆ చీటీ చేతికివ్వండి.